పేరులేని రాక్షసబల్లి

దసరా సెలవులకు మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు ఒక పెద్ద అట్టపెట్టె చంకలో పెట్టుకొని వచ్చినాడు. బట్టల సంచి మర్చిపోయినాడు గానీ ఆ పెట్టెను మాత్రం బస్సులో ఒళ్లోంచి దించలేదంట. లోపల తెల్లటి రాక్షసబల్లి. తోక నొక్కితే అరుస్తుంది. పెట్టె మీద మెరిసే అక్షరాలతో పేరు కూడా ఉంది: ఇండోమినస్ రెక్స్.

మావాడి దగ్గర ఉన్నది తిరునాలలో వాళ్ల జేజి 60 రూపాయలకు కొనిచ్చిన ఆకుపచ్చ ప్లాస్టిక్ బల్లి. వీపు మీద ముళ్లు ఒక జంతువువి, మొహం ఇంకొక జంతువుది, కాళ్లు చూస్తే అచ్చం మొసలివి. కడుపు కింద "మేడ్ ఇన్ చైనా" అన్న ముద్ర తప్ప ఇంకే రాతా లేదు. రెండేళ్లుగా వాడు దాన్ని పక్కన పెట్టుకొనే పడుకుంటాడు.

"ఇది ఏ డైనోసార్?" అని అడిగినాడు పెద్దోడు.

"డైనోసార్" అన్నాడు మావాడు.

"అదే, దాని పేరేంది? పేరు లేకపోతే అది డైనోసార్ కాదు. డూప్లికేట్."

పిల్లల మాటలే కదా అని నేను వంటింట్లో నా పని నేను చేసుకుంటున్నాను. రాత్రి చూస్తే మావాడి పక్కన బల్లి లేదు. మంచం కింద చీపురు దగ్గర పడేసి ఉంది. "మా, నా బల్లికి పేరు యాల లేదు?" అని గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు. తొమ్మిదేళ్ల పిల్లోడు. ఆ ఏడుపు బొమ్మ కోసం కాదని నాకు అర్థమైంది. అన్న ముందు తన వస్తువు చులకనైపోయిందని.

అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, ఆ తెల్లది కూడా నిజం జంతువు కాదని. ఆ సినిమా మా ఇంట్లో టీవీలో ఎన్నిసార్లు చూసినామో లెక్కలేదు. 2015లో వచ్చిన జురాసిక్ వరల్డ్. తెలుగులో కూడా ఆడింది. మన ఇర్ఫాన్ ఖాన్ ఆ డైనోసార్ల పార్కు యజమానిగా వేసినాడు. అందులో శాస్త్రవేత్తలు టైరనోసారస్‌కు ఇంకా ఏవేవో జంతువుల లక్షణాలు, చెట్టుకప్పవి కూడా, కలిపి కొత్తదాన్ని తయారు చేస్తారు. దానికి పేరు ఎందుకు అట్లా పెట్టినారంటే, వినగానే భయం వెయ్యాలి, చిన్నపిల్లల నోరు తిరగాలి అని పార్కు మేనేజరమ్మే చెప్తుంది. నాలుగేళ్ల పిల్లతో ఆర్కియోర్నితోమైమస్ అనిపించి చూడండి అని ఎగతాళి కూడా చేస్తుంది. ఈ ఆర్కియోర్నితోమైమస్ మాత్రం నిజంగా ఉన్న డైనోసారే, పాపం! నిజం జంతువు పేరు పలకలేక, లేని జంతువుకు పలికే పేరు పెట్టుకున్నారన్నమాట.

ఇండోమినస్ అంటే లొంగనిది, రెక్స్ అంటే రాజు అని అర్థం చెప్తారు. రెండూ లాటిన్ మాటల వరస. మావాడు మాత్రం "ఇండో" అంటే ఇండియా అనుకున్నాడు. 2018లో వచ్చిన తర్వాతి సినిమాలో ఇండోరాప్టర్ అని ఇంకొకటి వస్తే మన దేశం వాళ్లే చేసినారని సంబరపడినాడు. కాదు నాయనా అని చెప్పడానికి నాకు అప్పుడు మనసు ఒప్పలేదు. 2025లో వచ్చినదాంట్లో డిస్టార్టస్ రెక్స్ అంట. వికృతమైన రాజు. ఈ రాజులు ఎప్పటికి అయిపోతారో!

మరుసటి రోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఫోను పట్టుకొని కూర్చున్నాను. ఈ కల్పిత జంతువుల వెనక సినిమా కంటే ముందు బొమ్మల అంగడే ఉందని అప్పుడు తెలిసింది. 1993లో స్పీల్‌బర్గ్ జురాసిక్ పార్క్ వచ్చినప్పుడు కెన్నర్ అనే అమెరికా కంపెనీ బొమ్మలు చేసింది. ఒక్కొక్క బొమ్మ ఒంటి మీద "జేపీ" అనే ముద్ర, ఒక నంబరు. మన ఎద్దులకు గుర్తు కోసం వాత వేస్తారే, అట్లాగ. ఆ ముద్ర ఉంటేనే అసలుది. 1998లో అదే కంపెనీ, సినిమా ఏదీ లేకుండానే, రెండు మూడు జంతువులను కలిపిన బొమ్మలను కేయాస్ ఎఫెక్ట్ అనే వరసలో అమ్మింది. వాటికి పేర్లు కూడా రెండు మూడు పేర్లను కత్తిరించి అతికించినవే. అంటే ఇండోమినస్ తెర మీదికి రావడానికి 17 ఏళ్ల ముందే అట్లాంటి కలగలుపు జంతువులు బొమ్మల అంగట్లో ఉన్నాయి. కెన్నర్ తర్వాత హాస్‌బ్రో, 2018 నుంచి మాటెల్ ఆ సినిమాల బొమ్మలు చేస్తున్నాయి.

అది చదివి మంచం కింద నుంచి మావాడి ఆకుపచ్చ బల్లిని తీసి చూసినాను. ముళ్లు ఒకదానివి, మొహం ఒకదానిది, కాళ్లు మొసలివి. ఇది మాత్రం ఏం తక్కువ? చైనాలో ఎవరో అచ్చు పోసేవాడు మూడు జంతువులను కలిపినాడు. పేరు పెట్టే ఖర్చు ఒక్కటే మిగిల్చుకున్నాడు.

సినిమావాళ్లను నేను తప్పు పట్టను. బిడ్డ నోరు తిరిగే పేరు పెట్టాలనుకోవడం తల్లి బుద్ధే. అయితే వాళ్లు నిజం పేర్లతో కూడా ఆడుకున్నారు. ఆ సినిమాలో వంటింట్లోకి దూరి పిల్లలను వేటాడే వెలాసిరాప్టర్ గుర్తుందా? నిజం వెలాసిరాప్టర్ ఎముకలు మంగోలియాలో దొరికినాయి, 1924లో పేరు పెట్టినారు. అది టర్కీ కోడి అంత జంతువు. సినిమాలో చూపించిన ఆకారం డైనోనికస్ అనే ఇంకొక పెద్ద జంతువుది. నవల రాసిన మైకేల్ క్రైటన్‌కు ఆ పేరు కంటే ఈ పేరే వినసొంపుగా అనిపించింది. ఒకరి ఒంటికి ఇంకొకరి పేరు.

ఇక్కడ నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. నా పేరు లక్ష్మీదేవి. మా అవ్వ పేరు పెట్టినారు. పెండ్లయి కోడుమూరుకు వచ్చినాక తెలిసింది, మా అత్తమ్మ పేరూ లక్ష్మీదేవేనని. పెండ్లిపత్రికలో చూసుకున్నామనుకోండి, కానీ దాని పర్యవసానం ఎవరికీ తట్టలేదు. ఇంట్లో పెద్ద లక్ష్మీదేవి ఉండగా చిన్న లక్ష్మీదేవిని "ఒసే లక్ష్మీదేవీ" అని ఎట్లా పిలుస్తారు? పెద్దామెను పేరు పెట్టి తిట్టినట్లు కాదా! అందుకని వచ్చిన మూడో రోజుకే నేను "వెల్దుర్తామె" అయిపోయినాను. వెల్దుర్తి మా పుట్టినూరు. పదమూడేళ్లయింది. ఇంట్లో, వీధిలో, పాల కేంద్రం దగ్గర అందరికీ నేను వెల్దుర్తామెనే. మొదట్లో రాత్రిపూట ఏడ్చినాను కూడా. నా పేరును గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి వచ్చినట్లు ఉండేది. మీలో ఎంతమంది గూడూరామెలు, ఎమ్మిగనూరామెలు ఉన్నారో నాకు తెలుసు.

పేరులేని బల్లి కోసం మావాడు ఏడుస్తుంటే నా కడుపులో తిప్పినట్లయింది అందుకే.

ఎండాకాలం సెలవుల్లో అక్క వాళ్లింటికి పోయినప్పుడు మావాణ్ని హైదరాబాదులో బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకుపోయినాను. అక్కడ డైనోసారియం అని ఉంది, 2000లో మొదలుపెట్టినారు. లోపలికి అడుగు పెడితే ఎదురుగా పొడుగాటి మెడ, అంతకంటే పొడుగాటి తోక, గది నిండా ఒకటే అస్థిపంజరం. మావాడు నోరు తెరిచి నిలబడిపోయినాడు. "ఇది యాడిది మా? అమెరికాదా?"

పలక మీద చదివి చెప్పినాను. కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్.

"యామన్‌పల్లియెన్సిస్ అంటే?"

"యామన్‌పల్లిది అని. యామన్‌పల్లి అనే ఊర్లో దొరికింది కాబట్టి."

ఆ మాట నా నోట్లోంచి వచ్చినాక నాకే నవ్వొచ్చింది. యామన్‌పల్లిది, వెల్దుర్తామె. పెద్ద పెద్ద చదువులు చదివిన పండితులు కూడా చేసేది మా అత్తమ్మ చేసిన పనే! కొత్తగా ఒకటి ఇంటికి వస్తే, ఏ ఊరి నుంచి వచ్చిందో ఆ ఊరితో పిలవడం.

ఆ ఊరు అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో ఉంది. 1970ల్లో జియాలాజికల్ సర్వే వాళ్లు అక్కడ తవ్వితే కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకల దాకా దొరికినాయి. తలకాయలు మాత్రం సరిగ్గా దొరకలేదు. అదే సంస్థకు చెందిన పి. యాదగిరి గారు 1988లో ఈ పేరు పెట్టినారు. మొదటి ముక్క కోటాసారస్, ఆ రాతిపొరకు ఉన్న కోటా అనే ఊరి పేరు మీద. ఆ కోటా సిరొంచ దగ్గరిది. జంతువుల పేర్లలో మొదటిది ఇంటిపేరు లాంటిది, రెండోది పెట్టిన పేరు. మన తెలుగువాళ్ల వరసే. టైరనోసారస్ ఇంటిపేరు, రెక్స్ పేరు.

ఇంటికి వచ్చినాక వెతికితే గోదావరి, ప్రాణహిత చుట్టుపక్కల పల్లెల పేర్లతో ఎన్ని జంతువులున్నాయో! జాక్లపల్లి ఊరి పేరుతో జాక్లపల్లిసారస్, నంబాల పేరుతో నంబాలియా, రెండూ 2011లో పెట్టినవి. బారాపాసారస్ అని ఇంకొకటి. బెంగాలీలో "బారా" అంటే పెద్ద, "పా" అంటే కాలు. మనిషంత పొడుగు తొడ ఎముక దొరికింది కాబట్టి పెద్దకాళ్లది అన్నారు. రెండో పేరు టాగోరై. తవ్వకం జరిగిన 1961 టాగోర్ పుట్టి నూరేళ్లయిన సంవత్సరం. 1975లో ఆ పేరు అచ్చయింది. దాని అస్థిపంజరం కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టినారు. మన గోదావరి ఒడ్డు జంతువు బెంగాలీ పేరు పెట్టుకొని కలకత్తా కాపురానికి పోయింది.

లెక్కల సంస్థకు ఎముకలతో ఏం పని అని నేనూ అనుకున్నాను. ఆ సంస్థ పెట్టిన మహలనోబిస్ గారు లండన్ నుంచి పమేలా లాంప్లూ రాబిన్సన్ అనే ఆమెను పిలిపించినారు. 1950ల చివర్లో ఆమె వచ్చి అక్కడ భూగర్భశాస్త్ర విభాగాన్ని నిలబెట్టి, మన కుర్రవాళ్లను వెంటబెట్టుకొని గోదావరి లోయలో ఎముకల కోసం తిరిగింది. ఆ కాలంలో, ఆ ఎండల్లో, ఒక ఆడమనిషి! ఆమె 1994లో చనిపోయింది. 2007లో కుట్టీ, శంకర్ ఛటర్జీ, ఇంకొందరు కలిసి ధర్మారం ఊరి దగ్గర దొరికిన ఒక డైనోసార్‌కు ఆమె పేరు పెట్టినారు. లాంప్లూసారా ధర్మారమెన్సిస్. సారస్ అంటే మగ పేరు, సారా అంటే ఆడ పేరు. ఆమె పేరు, ఒక తెలుగు పల్లె పేరు ఒకే జంతువులో. ధర్మారామె అన్నమాట! ఆ పేరును నేను పది మార్లు పైకి చదువుకున్నాను.

ఆ వరసలోనే ప్రధానియా అని ఒకటి ఉంది. అదే సంస్థలో ఎముకలు ఏరే పని చేసిన ధుయ్యా ప్రధాన్ గారి పేరు మీద. ప్రొఫెసర్ పేరు కాదు, ఎండలో వంగి ఏరినాయన పేరు. ఇట్లాంటివి చదివినప్పుడు ఆ పండితుల మీద గౌరవం కలుగుతుంది.

అమెరికాలో మోంటానాలో రాళ్ల అంగడి నడుపుకునే మారియన్ బ్రాండ్‌వోల్డ్ అనే ఆమెకు 1978లో పిల్ల డైనోసార్ల ఎముకలు దొరికినాయి. వాటిని చూసి 1979లో ఆ జాతికి మాయాసారా అని పేరు పెట్టినారు. మంచి తల్లి బల్లి అని అర్థం. ఆస్ట్రేలియాలో ఒక భార్యాభర్తలు ఇద్దరూ ఎముకల శాస్త్రవేత్తలే, కూతురి పేరు మీద 1989లో లియెలినాసారా అని పెట్టుకున్నారు. సినిమా పేర్లు కూడా వదల్లేదు. గాడ్జిల్లాను జపానులో గోజిరా అంటారు కదా, ఆ పేరుతో 1997లో గోజిరాసారస్ పెట్టినారు. హ్యారీ పాటర్ చదివే పిల్లల కోసం 2006లో ఒకదానికి డ్రాకోరెక్స్ హాగ్వార్ట్సియా అన్నారు. కల్పన నుంచి పేరు నిజంలోకి కూడా వస్తుందన్నమాట.

నన్ను అన్నిటికంటే పట్టుకున్నది వేరే. మలేరి అనే పేరున్న రాతిపొరలో ఒక చిన్న డైనోసార్ దొరికింది. శంకర్ ఛటర్జీ గారు 1987లో ఆలిక్ వాకర్ అనే శాస్త్రవేత్త గౌరవంగా వాకేరియా మలేరియెన్సిస్ అని పేరు పెట్టినారు. తర్వాత చూస్తే వాకేరియా అనే పేరు అప్పటికే సముద్రంలో పాచిలాగ అతుక్కొని బతికే ఒక చిన్న జీవికి ఉంది. రెండు జంతువులకు ఒకే ఇంటిపేరు ఉండకూడదని నియమం. ముందొచ్చినదే ఆ పేరును ఉంచుకుంటుంది. వెనక వచ్చినది మార్చుకోవాలి. డైనోసార్ అయినా సరే, పాచి లాంటి జీవి ముందు తల వంచాల్సిందే. 1994లో దాని పేరు ఆల్వాకేరియా అయింది.

ఇది చదువుతుంటే నా పెండ్లి మూడో రోజు గుర్తుకు రాక ఏమవుతుంది చెప్పండి? మా ఇంట్లో ముందొచ్చిన లక్ష్మీదేవి ఒకరు ఉన్నారు. అయితే ఒక తేడా. ఆల్వాకేరియాలో వాకర్ గారి పేరు పోలేదు, ముందు ఒక అక్షరం తగిలించి కాపాడినారు. నాకు ఆ మాత్రం కూడా చెయ్యలేదు. "చిన్న లక్ష్మీదేవి" అంటే సరిపోయేది కదా! ఈ మాట మా ఆయనతో అంటే, "అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారు" అన్నాడు. నోరు తిరగాలి కదా మరి, సినిమావాళ్ల లెక్కన.

ఇంతా చెప్పినాక మావాడు అడిగిన ప్రశ్న: "మన కర్నూలు డైనోసార్ లేదా మా?"

లేదని చెప్పాల్సి వచ్చింది. మా ఇంట్లో పరిచినవి బేతంచెర్ల బండలు. వంటింటి గట్టు కడప బండ. ఈ సున్నపురాళ్లు డైనోసార్ల కంటే ఎంతో ముందువి, ఎముకలున్న జంతువే ఇంకా పుట్టని కాలంవి. డైనోసార్ ఉండడానికి వీల్లేదు. "అంటే మనం డైనోసార్ల కంటే పాత రాళ్ల మీద అన్నం తింటున్నామా?" అని బండ మీద చెయ్యి పెట్టి చూసినాడు.

డైనోసార్ లేకపోయినా కర్నూలు పేరుతో జంతువులు మాత్రం ఉన్నాయి. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి కదా. 1844లో న్యూబోల్డ్ అనే ఇంగ్లీషు అధికారి వాటిని గురించి రాసినాడు. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ అక్కడ తవ్వించినారు. మద్రాసు దగ్గర పల్లవరంలో 1863లో రాతి గొడ్డలి కనుక్కున్నది ఆ ఫుట్ దొరే. గుహల్లో దొరికిన ఎముకలను 1886లో రిచర్డ్ లైడెక్కర్ పరిశీలించి, ఒక ఖడ్గమృగానికి, ఒక అడవిపందికి, ఒక పునుగుపిల్లికి కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టినాడు. కర్నూలుది అని. ఇప్పుడు మేకలు కూడా నీడ కోసం వెతుక్కునే మన ప్రాంతంలో ఒకప్పుడు ఖడ్గమృగాలు తిరిగినాయంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

"డైనోసార్" అన్న మాటకే 1842లో రిచర్డ్ ఓవెన్ పెట్టిన అర్థం భయంకరమైన బల్లి అని. తెలుగులో రాక్షసబల్లి అన్నాయన ఎవరో గానీ, అర్థం పోకుండా, జేజి కథలోని రాక్షసుణ్ణి కూడా కలిపినాడు. అవి నిజానికి బల్లులు కావంట. పేరు మాత్రం నిలిచిపోయింది.

మొన్న ఆదివారం మావాడు నల్ల మార్కరు పెన్ను తెచ్చి బల్లిని బోర్లా పడుకోబెట్టినాడు. "మా, ఇది యాడ దొరికింది?" "తిరునాలలో." "తిరునాల యాడ?" "హంద్రీ ఒడ్డున, మన ఊర్లో." నాలుక బయట పెట్టి, మేడ్ ఇన్ చైనా అన్న ముద్ర మీదనే రాసినాడు: హంద్రిసారా కోడుమూరెన్సిస్.

"సారస్ కదా?" అన్నాను.

"ఆడది" అన్నాడు. ఎట్లా తెలుసు అని అడగలేదు.

హైదరాబాదుకు ఫోను చేసి అన్నకు ఆ పేరు మూడు సార్లు చెప్పినాడు. అన్నకు నోరు తిరగలేదు. రాత్రి బల్లి మళ్లీ మంచం ఎక్కింది. పొద్దున్నే ముగ్గు వెయ్యడానికి నేను వాకిట్లో ఉంటే లోపల నుంచి మా అత్తమ్మ కేక: "వెల్దుర్తామే! ఈ హంద్రీ బల్లి కాళ్లకు అడ్డం పడతాంది, వచ్చి తీయి!"